నిండు ట్యాంకు

118

ఎండ బాగుంది. ఇళ్ళ కప్పుల మీద సోలారు పలకలు పొద్దుటి నుంచి దండిగా కరెంటు ఇస్తున్నాయి. మిషను మావుళ్ళన్నయ్య ఇంటికి వెళ్ళింది.

జనరేటరు కావలి పని నాకు అప్పజెప్పిన రోజున, వంతు మారినప్పుడల్లా, మధ్యలో ఏదైనా జరిగినా, నంబరు వేసి నాలుగు ముక్కలు రాసి పెట్టమని సూరన్న బాబాయ్ అన్నాడు. నీళ్ళ నడుమ ఈ దిబ్బకి పెద్ద ఆయనే కాబట్టి రాస్తున్నాను. నా తరవాత కావలికి వచ్చేవాళ్ళకి పనికొస్తుందట. ఆ వచ్చేవాళ్ళెవరో గానీ, వాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్ళేటప్పుడు మిషను ట్యాంకు ఎండిపోయి ఉండాలి. ఉన్న పెట్రోలు వంచేసి, మిగిలిన చుక్కలతో నడిపి, దానంతట అది దగ్గి ఆగిపోయాకే పక్కింటికి ఇవ్వాలి.

పడవలో మాకొచ్చే పెట్రోల్లో అయిదో వంతు సారా ఉంటుంది. గట్టు మీద ఫ్యాక్టరీ వాళ్ళు దాన్ని ఇథనాల్ అంటారు. నూకలు పులియబెట్టి తీసేదాన్ని సారా అనక ఇంకేమంటారో నాకు తెలియదు. పెద్ద పడవ ఇంజన్లకి దాంతో పేచీ లేదు, రోజూ తాగి రోజూ తిరిగేవి కాబట్టి. మా మిషను చిన్నది, ఒక్క మనిషి చేత్తో పట్టుకుపోయేది. ఎండ ఉన్నన్నాళ్ళూ మూల కూర్చుని, ముసురు పడితేనే లేస్తుంది. కూర్చున్న ట్యాంకులో సారా ఊరికే ఉండదు. గాలిలో చెమ్మంతా పీలుస్తుంది, రబ్బరు వాషర్లు తింటుంది, కార్బొరేటరు గిన్నెలో తెల్లగా పొక్కులు కట్టిస్తుంది.

ఈ సంగతి మా వాళ్ళ బుర్రలకి ఎక్కించేసరికి నా గొంతు పోయింది. కూర పంపిన గిన్నె ఖాళీగా తిరిగివ్వడం మా వాళ్ళకి చేతకాదు. బెల్లం ముక్కయినా వేసి ఇస్తారు. మిషనునీ అలాగే గొంతు దాకా నింపి, పసుపు కుంకుమ పెట్టి ఇచ్చేవారు. మర్యాద మర్యాదే, మిషను పాడూ పాడే. రెండు కార్బొరేటర్లు అలా పోయాయి. చివరికి నేను అరిచి గీపెట్టి రూలు పెట్టించాను. దమయంతి రూలు అని వెక్కిరిస్తూనే అందరూ పాటిస్తున్నారు.

ఇవాళ ఆ రూలు నేనే తప్పాను.

మావుళ్ళన్నయ్య సంగతి కొంచెం చెప్పాలి. పూర్వం ఆయన పెట్రోలు కడిగేవాడు. కడగడమంటే, సారా కలిసిన పెట్రోల్లో నీళ్ళు పోసి కుదిపితే సారా నీళ్ళని పట్టుకుని అడుక్కి దిగుతుంది. ఆ అడుగు నీళ్ళు తాగేవాడు. పైన మిగిలింది తిరిగి డబ్బాలో పోసేవాడు. అది తాగే ఒక కన్ను పోగొట్టుకున్నాడు. సత్యవేణి వదిన ఆయన్ని ఇంట్లోంచి వెళ్ళగొట్టి పడవలో పడుకోమంది. చాలాకాలం పడవే ఇల్లు ఆయనకి. మానేశాడు. నిజంగానే మానేశాడు, అందరం చూశాం. ఈ ఏడు వదిన లోపలికి రానిచ్చింది. ఆయనేమో పాత సామానుతో, కరెంటు వేడితో గుడ్లు పొదిగే పెట్టె చేశాడు. ఇంటికిన్ని చొప్పున అందరం బాతు గుడ్లు ఇచ్చాం. పిల్లలు దిగితే తలా కొన్ని తీసుకుంటాం, ఆయనకీ ఒక బతుకుతెరువు ఏర్పడుతుంది. వదిన మాత్రం నా ముందే చెప్పింది ఆయనతో.

"ఇదే ఆఖరండి. ఈ గుడ్లు పాడయ్యేయంటే నేను మళ్ళీ ఊళ్ళో తల ఎత్తుకోలేను. మీ దారి మీది, నా దారి నాది."

పెట్టె రాత్రీ పగలూ వెచ్చగా ఉండాలి. ఎండ రోజుల్లో పలకలు నింపిన బ్యాటరీ రాత్రికి సరిపోతుంది. ముసురు పడితే పలకలు పనిచెయ్యవు కాబట్టి మిషను ముందే కావాలన్నాడు. సబబే. పొద్దున్న ఇద్దరూ వచ్చారు, వదిన చేతిలో పసుపు కుంకుమ. ఆయన మిషను చెవి దగ్గర పెట్టుకుని కుదిపి చూశాడు. ఖాళీ. ఏమీ అనలేదు.

అన్నది మా ఎదురింటి ఝాన్సీ. అది మెట్ల మీద చేపలు తోముతూ, "మావుళ్ళికి ఇచ్చేది గదా, చుక్క లేకుండా పిండేసి మరీ ఇత్తందిరా దమయంతి" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అందరికీ ఎండబెట్టే ఇస్తానని దానికి తెలుసు. అయినా నోరూరుకోదు. మావుళ్ళన్నయ్య తల వంచుకున్నాడు. వదిన ముఖం మాడిపోయింది.

నాకు కోపం వస్తే ముందూ వెనకా కనబడదు. "ఉండండి" అని లోపలికి పోయి, అటక మీద ఎండాకాలం నుంచి మిగిలున్న డబ్బా దించాను. కొత్త పెట్రోలు కావాలంటే కొట్టు తెరవాలి, తాళం బాబాయ్ దగ్గరుంటుంది, అంతసేపు ఆగే ఓపిక ఎక్కడిది? అందరూ చూస్తుండగా ట్యాంకు మెడ దాకా పోశాను. తాడు లాగాను. చక్కగా అందుకుంది. కాసేపు నడిపి ఆపి ఆయన చేతికిచ్చాను.

"నమ్మకం లేకపోతే మనిషికి మిషను ఇవ్వను, ఝాన్సీ" అన్నాను, గట్టిగా, అందరికీ వినబడేలా.

వదిన కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చప్పుడు విని వచ్చిన సూరన్న బాబాయ్ నా భుజం తట్టాడు. ఆ పొగడ్త నాకు తియ్యగానే ఉంది, అబద్ధమెందుకు.

119

ఎండ. మిషను వాళ్ళ వీధరుగు మీద గోనెపట్టా కప్పుకుని కూర్చుంది. దాంతో పని పడలేదు.

మధ్యాహ్నం అటు వెళ్ళాను. మావుళ్ళన్నయ్య గుడ్లు తిప్పుతున్నాడు. ఒక పక్క బొగ్గుతో గీత, ఇంకో పక్క చుక్క. గీత పైకుంటే చుక్క పైకి, చుక్క పైకుంటే గీత పైకి. ఒక్కో గుడ్డునీ పట్టుకునే తీరు చూస్తే నవ్వొచ్చింది. మా అమ్మ నన్ను కూడా అంత మెల్లగా ఎత్తుకుని ఉండదు.

"చూద్దువు గాని రా చెల్లెమ్మా" అని గోనె తెర దించి, చిన్న లైటు మీద గుడ్డు పెట్టాడు. లోపల ఎర్రగా నరాలు, నడుమ నల్లగా కదిలే ముద్ద. "అదిగో, తన్నింది. ఇది మీ ఇంటి గుడ్డే. నీలాగే నిలవదు ఒక్కచోట."

"నా మీద పడతావేంటి అన్నయ్యా."

"మరేటి, ఉన్నమాటే గదా." ఆయన నవ్వాడు. ఎన్నాళ్ళయిందో ఆయన నవ్వు చూసి. వదిన లోపల్నుంచి టీ తెచ్చింది. ముందు ఆయనకి ఇచ్చి తరవాత నాకిచ్చింది. కొత్త కాపురం లాగుంది ఆ ఇల్లు.

వచ్చేటప్పుడు అరుగు మీద ఆగి, "ఓపాలి స్టార్టు చేసి చూసుకోనా?" అని అడిగాడు. "నిండా ఉంది గదా అని ఊరుకున్నా గానీ, చాన్నాళ్ళు అలా పెట్టకూడదని నువ్వే చెప్తావు."

ఆ క్షణంలో నాకు డబ్బా మూత గుర్తొచ్చింది. పోసేటప్పుడు దాని వాషరు మెత్తగా, ఉబ్బినట్టు చేతికి తగిలింది. మూత బిగుసుకోలేదేమో, ఇన్నాళ్ళూ చెమ్మ పీల్చిందేమో అని ఒక్కసారి అనిపించింది. వంచేసి కొత్తది పోసుకో అన్నయ్యా అంటే సరిపోయేది. కానీ అంతమంది ముందు గొప్పగా పోసినదాన్ని నేనే పారబొయ్యమనడానికి మనసొప్పలేదు.

"ఎందుకు దండగ. నేను పోసింది కదా, దానికేం కాదు" అన్నాను.

ఆయన సరే అన్నట్టు తలూపి గోనెపట్టా సర్దాడు.

120

ముసురు. మిషను ఆగిపోయింది.

నిన్న సాయంత్రం గాలి తిరిగి చలి మొదలైంది. పొద్దుటికి మబ్బు నేల మీదికి దిగింది. పలకలు చచ్చాయి. మావుళ్ళన్నయ్య మిషను లేపాడట. కాసేపు బాగానే నడిచి, దగ్గి, వణికి, ఆగిపోయిందట. తాడు లాగీ లాగీ ఆయన అరచెయ్యి చీరుకుపోయింది. నేను వెళ్ళేసరికి వదిన గుడ్లన్నిటినీ బొంతల్లోకి మార్చి, వేడినీళ్ళ చెంబులు నడుమ పెట్టి, మీద తనే పడుకుంది. పిల్లలు దిగే రోజులు దగ్గర పడిన గుడ్లవి.

నేను పైపు ఊడదీసి ట్యాంకులోది గాజు సీసాలోకి దించాను. చేతులు ఆ పని వాటంతట అవే చేశాయి, అరుగు నిండా జనం ఉన్నారన్న సంగతి కూడా చూసుకోలేదు. సీసా నిలబెట్టాక పైన పచ్చటి పెట్రోలు, అడుగున మూడు వేళ్ళ మందాన తెల్లటి నీళ్ళు. నడుమ గీత గీసినట్టుంది.

 ముందు ఝాన్సీయే అంది.

"కడిగేడు."

మా దిబ్బ మీద పెట్రోలు కింద నీళ్ళు కనబడితే చిన్నపిల్లాడైనా ఆ మాటే అంటాడు. అలాంటి సీసాలు మేము అన్ని చూశాం, మావుళ్ళన్నయ్య పడవలో, పాత రోజుల్లో. చెమ్మ లాగిన పెట్రోలు కూడా అలాగే విడిపోతుందని తెలిసినది నేనొక్కదాన్నే. చెమ్మ పడుతుంది, పాడవుతుంది అని వాళ్ళకి చెప్పానే గానీ, ఇలా గీత గీసినట్టు విడిపోతుందని చూపించలేదు. నా రూలు పుణ్యమా అని ఇన్నేళ్ళలో ఎవరికీ చూసే అవసరం పడలేదు.

మావుళ్ళన్నయ్య సీసా వంక చూశాడు. తరవాత నా వంక చూశాడు. నేనేదైనా చెబుతానని చూశాడు. నేను కార్బొరేటరు గిన్నె విప్పడం మొదలుపెట్టాను. లోపల తెల్ల పొక్కులు, పెట్రోలు వెళ్ళే జెట్ రంధ్రం మూసుకుపోయింది. "శుభ్రం చెయ్యాలి, టైము పడుతుంది" అని మాత్రం అన్నాను.

"దమయంతి నిన్ను నమ్మి, నిండా పోసి ఇచ్చింది గదరా" అన్నాడు సూరన్న బాబాయ్. తిట్టలేదు, మెల్లగానే అడిగాడు. "నమ్మిన మనిషి పెట్రోల్లోనే నీళ్ళు పోశావా?"

"నేను ముట్టుకోలేదండి" అన్నాడు మావుళ్ళన్నయ్య. వదిన బొంతల మీద నుంచి లేవలేదు, ఇటు తిరగనూ లేదు.

121

ముసురు ఆగలేదు. మిషను నా ఇంట్లో ముక్కలుగా ఉంది.

నిన్న ఇంటికి రాగానే మొదట చేసిన పని అటక ఎక్కడం. డబ్బాలో ఇంకా కొంచెం మిగిలింది. అందులో కొంత గ్లాసులోకి వంచాను. పైన పచ్చన, అడుగున తెల్లన, నడుమ గీత. వాషరు ఉబ్బి, ఒక చోట చీలిపోయి ఉంది. ఇక అనుమానానికి తావు లేదు. నేను పోసిన పెట్రోలే, నా అటక మీదే చెమ్మ తాగింది. చలి పడగానే విడిపోయింది. మిషను అడుగు నుంచి లాగుతుంది కాబట్టి, గిన్నెలో ఉన్న మంచిది అయిపోగానే నీళ్ళే లాగింది.

అప్పుడే గ్లాసు పట్టుకుని వీధిలోకి వెళ్ళాల్సింది. వర్షంలో నాలుగు అడుగులు. వెళ్ళలేదు. డబ్బా మూత పెట్టి బియ్యం డ్రమ్ము వెనక్కి నెట్టాను. గ్లాసు కడిగేశాను.

ఎందుకు? చాలా కారణాలు దొరికాయి నాకు. ముందు మిషను బాగుచెయ్యాలి, గుడ్లు ముఖ్యం, మాటలు తరవాత అనుకున్నాను. నా రూలు నేనే తప్పానని తెలిస్తే రేపటి నుంచి ఎవరూ ట్యాంకు ఎండబెట్టరు, అందరికీ నష్టమనుకున్నాను. చూడండి, దిబ్బ మంచి కోసం నోరు మూసుకున్నానట. సిగ్గులేని ముఖం. అసలు కారణం ఝాన్సీ. అది మెట్ల మీద కూర్చుని ఏమంటుందో నాకు అక్షరం అక్షరం వినబడుతోంది. బాబాయ్ భుజం తట్టిన చోట ఇప్పుడు ఆయన చెయ్యి తీసేసుకుంటాడేమో అని కూడా. దానికే భయపడ్డాను, ఇంకో పెద్ద కారణమేమీ లేదు.

జెట్ని సన్నటి రాగి తీగతో పొడిచి తీశాను. గట్టు నుంచి వచ్చిన కొత్త పెట్రోలు పోసి, మధ్యాహ్నానికి మిషను వాళ్ళ ఇంట్లో నడిపించాను. పెట్టె వెచ్చబడింది. వదిన ఒక్కో గుడ్డూ లైటు మీద పెట్టి చూసింది. కదిలేవి ఒక పక్క, కదలనివి ఇంకో పక్క. కదలని పక్క గుట్ట పెరుగుతూ పోయింది. మా ఇంటి గుడ్డు అందులోనే ఉంది, బొగ్గుతో ఆయన రాసిన మా ఇంటి గుర్తు నాకు తెలుసు.

"దేవుడిలా వచ్చేవు దమయంతీ" అంది వదిన. "నువ్వు లేకపోతే ఇవీ దక్కేవి కావు."

నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. మిషను చూసే వంకతో అరుగు మీదికి వచ్చేశాను.

122

మబ్బు విడుతోంది. మిషను నడుస్తోంది.

సూరన్న బాబాయ్ అరుగు మీద అందరూ కూర్చున్నారు. నేను మిషను నట్లు మళ్ళీ బిగించి తిన్నగా వెళ్ళాను, స్పానరు ఇంకా చేతిలోనే ఉంది. మావుళ్ళన్నయ్య స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. చోటు లేక నేనూ ఆ పక్కనే నిలబడ్డాను.

చెప్పేద్దామనే వెళ్ళాను. ఒట్టు. మాట ఎలా మొదలుపెట్టాలో దారి పొడుగునా కట్టుకుంటూ వెళ్ళాను.

బాబాయ్ ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు, మిషను అక్కడున్న రోజుల్లో మావుళ్ళు ఎక్కడెక్కడ తిరిగాడు, ఎవరైనా చూశారా అని. సగంలో మావుళ్ళన్నయ్య అందుకున్నాడు.

"ఆపండి బాబాయ్ గారూ. ఆళ్ళనీ ఈళ్ళనీ అడగడం దేనికి. నేనే అయ్యుంటాను."

"అయ్యుంటానేంటి? తాగేవా, లేదా?"

"గుర్తు లేదండి." ఆయన కింద చెక్కల సందుల్లోంచి నీళ్ళు చూస్తూ మాట్లాడాడు. "పూర్వం మాత్రం గుర్తుండేదా ఏటి? పొద్దున్న సత్యవేణి చెబితేనే తెలిసేది, ఇలా చేసేరు, ఇలా తిట్టేరు అని. ఈ గుడ్లతో నాకు సరిగ్గా నిద్ర లేదండి. పడుకుంటే ఒళ్ళు తెలీలేదు. లేచేనేమో. చేతికి అలవాటున్న పని. దమయంతి పోసిన పెట్రోలు పాడవ్వదు గదా. ఇంట్లో ఉన్నది నేనూ, ఆవిడా. ఆవిడ తాగదు. ఇంకెవరండి, నేనే."

వదిన లేచి ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"నా మీద ఒట్టేసి తాగలేదని చెప్పండి. నమ్ముతాను. ఆళ్ళెవరూ నమ్మకపోయినా నేను నమ్ముతాను."

ఆయన నోరు తెరిచాడు. చెయ్యి ఎత్తి ఆవిడ తల దాకా తీసుకెళ్ళాడు. అక్కడ ఆగిపోయి, దించేశాడు.

నేను ఆయన పక్కనే ఉన్నాను. నా చీర కొంగు ఆయన చేతికి తగులుతోంది. నోట్లో మాట ఉంది, కట్టుకున్నది కట్టుకున్నట్టే ఉంది. ఆయనే ఒప్పేసుకున్నాడు కదా అని ఒక పాడు ఆలోచన నా లోపలికి వచ్చి కూర్చుంది. వచ్చిందని మాత్రమే కాదు, అది రాగానే నాకు ఊపిరి తేలికయింది. అదీ నా బుద్ధి.

ఆయన వంతు తీసేశారు. కొట్టు వైపు రాకూడదన్నారు. సాయంత్రం వదిన ఆయన బట్టల మూట పడవలో పెట్టేసింది. గుడ్లు ఇంట్లోనే ఉంచుకుంది.

123

ఎండ. మిగిలిన గుడ్లలో పిల్లలు దిగుతున్నాయి. పెట్టెలోంచి కీచుకీచుమని వినబడుతోంది. అరుగంతా దిబ్బ మీది పిల్లలు చేరి చూస్తున్నారు. ఆయన ఒక్కడే లేడు.

భరించలేక సూరన్న బాబాయ్ అరుగుకి వెళ్ళాను. నలుగురూ ఉన్నారు, ఝాన్సీ కూడా ఉంది.

"బాబాయ్, ఆ ట్యాంకు నింపింది నేను కదా. ఆ పెట్రోలు ఎండాకాలంది. చెమ్మ లాగి ఉండొచ్చు. చెమ్మ లాగినా అలాగే విడిపోతుంది" అన్నాను.

ఉండొచ్చు అన్నాను. లాగింది, చూశాను, డబ్బా మా ఇంట్లోనే ఉంది అనలేదు.

 బాబాయ్ తల ఊపాడు.

"నీది పెద్ద మనసమ్మా. వాడు ఒప్పుకున్న తప్పు నువ్వు నెత్తినేసుకుంటానంటున్నావు. నీ చేతిలో పెట్రోలు పాడవ్వడమా? మాకిన్నేళ్ళూ పాఠాలు చెప్పింది ఎవరు?"

ఝాన్సీ కూడా అంది, "నా నోరు చెడ్డది గానీ దమయంతీ, నువ్వు చేసినట్టు నేను చెయ్యలేను" అని. జన్మలో దాని నోట మంచి మాట వినలేదు నేను. ఇప్పుడు విన్నాను.

చెప్పాను, వాళ్ళు నమ్మకపోతే నేనేం చెయ్యను అనుకుంటూ ఇంటికి వచ్చాను. అన్నం కూడా తిన్నాను. చీకటి పడ్డాక మావుళ్ళన్నయ్య పడవ తెడ్డు వేసుకుంటూ మా మెట్ల కిందికి వచ్చాడు. పైకి రాలేదు.

"ఎవరో చెప్పేరు చెల్లెమ్మా, నా కోసం ఏదో అన్నావంట" అన్నాడు. ఒంటి కంట్లో నీళ్ళు. "నా తోడబుట్టినోళ్ళు కూడా నా కోసం ఒక అబద్ధం ఆడలేదు. ఈ రుణం ఎలా తీర్చుకోను."

అప్పుడు కూడా చెప్పలేదు. "సరే సరే, వెళ్ళి పడుకో" అన్నాను.

124

ఎండ. మిషను ఎండబెట్టి నా ఇంట్లో పెట్టాను.

ఇది రాసే వేళకి నా పాత డబ్బా, చీలిన వాషరు, గాజు సీసా మూడూ సూరన్న బాబాయ్ అరుగు మీద ఉన్నాయి. దిబ్బ మీద ప్రతి మనిషీ వచ్చి చూసి వెళ్ళాడు. కావలి పని ఝాన్సీకి ఇచ్చారు. నేను వాదించలేదు. సత్యవేణి వదిన వచ్చి చూసి, అటునుంచి అటే ఆయన బట్టల మూట తేవడానికి పడవ దగ్గరికి వెళ్ళింది. ఇవన్నీ తరవాత జరిగినవి. ముందు జరిగింది రాయాలి.

పొద్దున్న నీళ్ళ కోసం రేవులోకి దిగాను. మావుళ్ళన్నయ్య పడవలోంచి రేవు చెక్క మీదికి అడుగు వేశాడు. అడుగు వెయ్యగానే గలగలమంది. చూస్తే కుడి కాలి చీలమండకి మేక మెడలో వేసే గంట కట్టుకున్నాడు, నైలాను తాడుతో, ముడి మీద ముడి వేసి.

"ఇదేంటన్నయ్యా?"

"నిద్దట్లో లేచి వెళ్తే తెలియాలి గదా" అన్నాడు మామూలుగా. "కొట్టు పక్కోళ్ళకి కూడా చెప్పేను, గంట వినబడితే లేచి నా చెంప పగలగొట్టండని. నా మీద నాకు నమ్మకం పోయింది చెల్లెమ్మా. మెలకువగా ఉన్నప్పుడు నేను ఒట్టు పెట్టుకోగలను. నిద్దరోయినాక నాలో ఎవడు లేస్తన్నాడో నాకు తెలీదు గదా."

బిందె అక్కడే వదిలేసి ఇంటికి పరిగెత్తాను. డ్రమ్ము జరిపి డబ్బా లాగాను. సీసా పట్టుకున్నాను. తిరిగి వచ్చి ఆయన పడవ అంచున కూర్చుని, ఆయన ముందే డబ్బాలో మిగిలింది సీసాలోకి వంచాను. ఎండలో నిలబెట్టాను.

"చూడు" అన్నాను. "ఇది మా అటక మీద డబ్బా. నీ ఇంటికి ఎప్పుడూ రాలేదు. ఇందులో నీళ్ళు ఎవరూ పొయ్యలేదు. ఆ రోజు నీకు పోసింది ఇందులోంచే. నువ్వు లేవలేదన్నయ్యా. నువ్వు కడగలేదు. నేను పాడైన పెట్రోలు పోశాను, అంతే జరిగింది."

ఆయన సీసా అందుకుని మంచి కన్ను దగ్గరికి తెచ్చుకున్నాడు. కుదిపాడు. కింద పెట్టాడు. కలిసినట్టే కలిసి మెల్లగా మళ్ళీ విడిపోవడం చూశాడు. మూత తిప్పి వాషరు చీలిక మీద వేలు పెట్టాడు. ఆయన భుజాలు దిగాయి, పెద్ద బరువు దించినవాడిలా ఊపిరి వదిలాడు.

"నేను తాగలేదు" అన్నాడు.

"తాగలేదు."

"తాగలేదన్నమాట." రెండోసారి అన్నప్పుడు ఆయన ముఖం చిన్నపిల్లాడి ముఖంలా అయిపోయింది. ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. సీసా వంకే చూస్తూ ఉండిపోయాడు. నేను గబగబా మాట్లాడుతూ పోయాను, పద అందరికీ చూపిద్దాం, ఇప్పుడే, నేనే చెప్తాను, వదినకి ముందు చెప్దాం అని.

"దీన్ని ఎప్పుడు చూసేవు?" అని అడిగాడు.

అబద్ధం చెప్పడానికి ఇంకా చోటు ఉంది. ఇవాళే చూశానంటే నమ్మేవాడు. ఆయన నా మాట ఎప్పుడూ నమ్ముతాడు.

"మిషను ఆగిన రోజే" అన్నాను.

ఆయన లోపల రోజులు వెనక్కి లెక్క వేసుకోవడం నాకు కనబడింది. మిషను ఆగిన రోజు. ఆ మర్నాడు. ఆ తరవాత బాబాయ్ అరుగు.

"అయితే" అన్నాడు మెల్లగా, కోపం లేకుండా, సరిగ్గా అర్థం చేసుకోవాలన్నట్టు. "నేను అంతమంది ముందర నిలబడి, నేనే తాగేనని చెప్పినప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నావు గదా చెల్లెమ్మా."

"ఉన్నాను" అన్నాను.

 ఆయన సీసా నాకిచ్చేసి, వంగి కాలి గంట ముడి విప్పుకోవడం మొదలుపెట్టాడు. తడికి నైలాను బిగుసుకుపోయింది, చీలిన అరచేత్తో ఆయనకి పట్టు దొరకడం లేదు. నేను విప్పుతానని ముందుకు వంగి చెయ్యి చాపాను. ఆయన కాలు వెనక్కి తీసుకున్నాడు.